ఆశీర్వాదం గారు పట్టని సీసా

మా లేబొరేటరీకి పదిహేనేళ్లు నీళ్లు తెచ్చిన మనిషి గురించి రాస్తున్నాను. నీళ్లు తేవడం కూడా ఒక పనేనా, ఎవరైనా తెస్తారు అనుకునేవాళ్లు చదవడం ఇక్కడే ఆపేయవచ్చు, నాకేమీ బాధ లేదు. ఎమ్మెస్సీ పట్టా చంకలో పెట్టుకుని రాజమండ్రిలో ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన పేరు ఆశీర్వాదం. ధవళేశ్వరంలో ఉండేవారు. భార్య సూరమ్మ చర్చి పక్కన బడ్డీకొట్టు నడిపేది. 1988లో ఆయన రోజుకూలీగా మా దగ్గర చేరారు. బడులకీ అంగన్‌వాడీలకీ తిరిగి పిల్లలు తాగే నీళ్లు సీసాల్లో పట్టి తేవడం ఆయన పని. వాటిలో ఏముందో చూసి, తాగడానికి పనికొస్తాయో రావో రాసి సంతకం పెట్టడం నా పని. ఆ సంతకానికి ఏదో విలువ ఉందని జనం అనుకుంటారు. అసలు విలువంతా సీసా పట్టిన చేతిది. సీసాలో ఏం వస్తే దాన్నే కదా నేను చూసేది!

భుజానికి ఐసుపెట్టె, చేతిలో గొడుగు. గొడుగు తన కోసం కాదు, పెట్టె మీద ఎండ పడకుండా. బస్సెక్కితే కండక్టర్లు ఆటపట్టించేవారు.

"ఏంటండీ ఆశీర్వాదం గారూ, ఇవేళ ఐసులా చేపలా?"

"నీళ్లండి."

"నీళ్లకి ఐసేంటండీ బాబూ!"

"చెడిపోతాయండి," అనేవారు ఆయన, నవ్వకుండా.

నేను చేరిన నెలలో ఒకసారి ఆయన వెంట వెళ్లి, పెద్ద తెలిసినదానిలా సీసా అందుకుని గబగబా నీళ్లతో తొలిచాను. ఆయన మొహం మాడిపోయింది. "కడక్కూడదండి మేడం గారూ. లోపల క్లోరిన్ని విరిచే మందు చుక్క ఉంటదండి. ఆ సీసా ఇంక పనికిరాదండి," అని దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీశారు. స్పిరిటులో ముంచిన దూది వెలిగించి కుళాయి మూతి కాల్చారు. రెండు నిమిషాలు నీళ్లు వదిలేశారు. మూత తీసి కింద పెట్టలేదు, వేళ్ల మధ్యే ఇరికించుకున్నారు. పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి నింపి, కాగితం చుట్టి, దారం కట్టారు. "నా చేతిలోంచి కుళాయి కిందకి, అక్కణ్నించి పెట్టెలోకి. మధ్యలో ఇంకో చెయ్యి పడకూడదండి," అన్నారు. నా ఎమ్మెస్సీలో ఎవరూ ఇంత శుభ్రంగా పాఠం చెప్పలేదు.

ఏ ఊరు వెళ్లినా ఆ ఊరి నీళ్లు మాత్రం తాగేవారు కాదు. ఇంటి దగ్గర సూరమ్మ కాచి ఇచ్చిన సీసానే. ఎందుకండీ అంటే, "అన్నీ తెలిసి ఎలా తాగుతామండీ," అనేవారు. అప్పుడు మాత్రం నవ్వేవారు.

ఆయన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఆయన చదివిన ఊరి బడిలో గ్లాసు ఉండేది గాని ఆయన పేటవాళ్లకి ఇచ్చేవారు కాదు. దోసిలి పడితే బంట్రోతు పైనుంచి పోసేవాడు. "సగం నీళ్లు మోచేతుల్లోంచి కారిపోయేవండి. చొక్కా తడిసిందని ఇంటి దగ్గర అమ్మ తిట్టేదండి," అని చెప్పారు ఒకసారి, బస్సు కోసం నిలబడ్డప్పుడు. అంతకు మించి దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

2003 జూలై. బళ్లు తెరిచి మూడు వారాలైంది. పదిహేనేళ్ల తర్వాత ఆయన్ని పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు కదిలి పైఆఫీసుకు వెళ్లింది. సూరమ్మ అప్పుడే చర్చిలో కృతజ్ఞత కానుక వేసేసింది కూడా. ఆ వారమే ఆయన కాలవ గట్టు మీది ఒక ఊరికి వెళ్లారు. ఊరి అసలు పేరు రాయను. గరువు అందాం. అక్కడ ఎలిమెంటరీ స్కూలు, అంగన్‌వాడీ ఒకే ప్రహరీలో ఉంటాయి. రెండింటికీ కలిపి ఒకటే కుళాయి. పొద్దున వచ్చే నీళ్లు నీలం డ్రమ్ములో పట్టి ఉంచితే పిల్లలు రోజంతా ముంచుకు తాగుతారు.

అంగన్‌వాడీ ఆయా పేరు అప్పాయమ్మ. యాభై దాటిన మనిషి. పొద్దున్నే వెంకటరాజు గారింట్లో అంట్లు తోమి, అటునించి అటే సెంటరుకి వచ్చి పిల్లలకి వండిపెట్టేది. వచ్చేటప్పుడు రాజుగారింట్లో కాచి చల్లార్చిన నీళ్లు ఒక స్టీలు బిందెడు చంకన పెట్టుకుని తెచ్చేది. అవి ఆఫీసర్లకి. సూపర్‌వైజరమ్మ వచ్చినా, డాక్టరు గారు వచ్చినా ఆ బిందెలోంచే గ్లాసు ముంచి ఇచ్చేది. పిల్లలకి బయట డ్రమ్ము. ఇది తప్పని ఆ ఊళ్లో ఎవరికీ తోచలేదు. మీకైనా తోచేదా అని అడుగుతున్నాను. చుట్టాలొస్తే మనందరం అల్మారాలోంచి వేరే గ్లాసులు తీసేవాళ్లమే.

ఆ రోజు జరిగింది నాకు తర్వాత ఇద్దరూ చెప్పారు. ఇద్దరి మాటా ఒక్కటే.

ఆశీర్వాదం గారు గుమ్మంలో నిలబడి, నీళ్ల పరీక్షకి వచ్చానని చెప్పారు. అప్పాయమ్మ పరుగున వెళ్లి స్కూల్లోంచి హెడ్మాస్టరు కుర్చీ పట్టుకొచ్చి వేసింది. కొంగుతో తుడిచింది. ప్లేటులో పనస తొనలు పెట్టింది.

"కుళాయి ఎటుందమ్మా?"

"కుళాయి ఎక్కడికి పోద్దండీ! ముందు కూర్చోండి బాబుగారూ. ఎండన పడొచ్చారు. రాజుగారి దొడ్లో పనసండి, బెల్లంలా ఉంటది."

"పని చూసుకుని తింటానమ్మా."

"మీరు లేచెళ్లి నీళ్లు పట్టుకుంటే ఇంక మేమెందుకండీ ఉంట? మాకు మర్యాదేనా అండీ? ఇలా ఇవ్వండి, నేను పట్టుకొస్తాను."

ఆయన కూర్చున్నారు. పదిహేనేళ్లలో ఎన్నో ఊళ్లలో ఎంతోమంది కూర్చోమన్నా కూర్చోని మనిషి. ఆ వేళ ఎందుకు కూర్చున్నారో నన్నడిగితే, ఆ కుర్చీ వల్లే అంటాను. పెద్ద కులాలవాళ్ల ఊళ్లో, బడి ఆవరణలో, హెడ్మాస్టరు కుర్చీ తుడిచి వేసి, బాబుగారూ అని బతిమాలితే కాదనలేకపోయారు. ఆ కుర్చీ మీద నాకు ఈ రోజుకీ కోపమే. ఆయన మీద మాత్రం కోపం తెచ్చుకోలేను.

అప్పాయమ్మ సీసా పట్టుకుని లోపలికి వెళ్లింది. వెనక గుమ్మంలోంచి కుళాయి దగ్గరికి వెళ్లిందనే ఆయన అనుకున్నారు. ఆవిడ వెళ్లలేదు. స్టీలు బిందె మూత తీసి, గ్లాసు తొలిచినట్టు సీసాను మూడుసార్లు తొలిచి, మెడ దాకా నిండుగా పోసి, తుడిచి మరీ తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాని మీద చీటీ కట్టి, బడి కుళాయి అని రాసి, పెట్టెలో పెట్టారు.

గోదారికి అప్పటికే కొత్తనీరు వచ్చేసింది. ఆ వారం నా బల్ల మీదికి వచ్చిన పద్నాలుగు సీసాల్లో పదమూడింటిలో లేత ఎరుపు కనిపిస్తూనే ఉంది. ఫిల్టరు ఎంత బాగున్నా ఆ రోజుల్లో ఆ జీర పూర్తిగా పోదు. గరువు సీసా మాత్రం తేటగా ఉంది. ఫారంలో క్లోరిన్ గడి ఖాళీగా ఉంది. అది కుళాయి దగ్గరే చూసి రాయాలి.

"ఏంటండీ ఈ నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి?" అని అడిగాను.

"ఆ ఊరి ఫిల్టరు బాగుందేమోనండి," అన్నారు. తల ఎత్తకుండా అన్నారు. నేనది గమనించాను కూడా.

మామూలు రోజైతే నేను వదలను. మా ఆఫీసులో నా నోటికి భయపడనివాళ్లు లేరు. కాని పాతవాటితో కలిపి మర్నాటికి నలభై రిపోర్టులు ఇవ్వాలి, కరెంటు పోయి వస్తోంది. ఆ ఖాళీ గడిలో ఒక గీత గీసి పారేశాను. సీసాలో మందు వేసి ఒక రోజు వెచ్చగా ఉంచితే, మురుగు కలిసిన నీళ్లు నల్లగా మారిపోతాయి. కాచిన నీళ్లు ఎందుకు మారతాయి? మారలేదు. 'త్రాగుటకు యోగ్యము' అని స్టాంపు వేసి, కింద కె. వీరవేణి అని సంతకం పెట్టాను.

జూలై మూడో వారంలో, సోమవారం పొద్దున గరువులో పదకొండుమంది పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి ఇద్దరు పోయారు. పేపర్లో అతిసారం అని వేశారు. కలరా అని పేరు పెడితే జిల్లాకి చెడ్డ అని ఆ జబ్బుని ఎప్పుడూ అలాగే అంటారు.

మంగళవారం ఆఫీసర్లు మీటింగు పెట్టారు. మొదటి ప్రశ్న నీళ్ల గురించే వచ్చింది. మంచినీళ్ల ఇంజనీరు గారు మా రిపోర్టు తీసి చూపించారు. యోగ్యము. సంతకం, సీలు, తేదీ అన్నీ ఉన్నాయి. నీళ్లు బాగున్నప్పుడు ఇంకేం మిగిలింది? తిండి. తిండి వండిందెవరు? అప్పాయమ్మ. ఆ పూటే ఆవిణ్ని సెంటరు గుమ్మం ఎక్కవద్దన్నారు. వంట ఆపేసి, పిల్లలకి ఇంటి దగ్గర్నించి క్యారేజీలు పంపమని తల్లులకి చెప్పారు. నాట్ల రోజులు. తల్లులంతా పొలాల్లో ఉంటారు, చంటిపిల్లల్ని చూసేవాళ్లు లేరు, అందుకని సెంటరు తెరిచే ఉంచారు. నీళ్ల గురించి ఎవరూ భయపడకుండా మా రిపోర్టు జిరాక్సు తీసి స్కూలు గోడకి అంటించారు.

బుధవారం మళ్లీ ఒక సీసా పట్టి రమ్మని మాకు కబురొచ్చింది. ఈసారి నేనూ వెళ్లాను. బస్సు దిగాక ఆశీర్వాదం గారు అన్నారు: "ఆ సీసా నేను పట్టలేదండి మేడం గారూ. ఆవిడ పట్టుకొచ్చి ఇచ్చిందండి."

"మీరేనా ఈ మాట అంటున్నది?" అన్నాను.

"ఆయ్," అన్నారు. "నేనేనండి."

అప్పాయమ్మ ప్రహరీ బయట, గోడ నీడలో కూర్చుని ఉంది. లోపలికి రానివ్వకపోయినా పొద్దున్నే అలవాటుగా వచ్చి కూర్చుంటోందట. పక్కన నాలుగేళ్ల మనవరాలు, వెంకటదుర్గ, నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలతో. ఆ పాపా సెంటరు పిల్లే. క్యారేజీ చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లడానికి తయారుగా ఉంది.

ఆశీర్వాదం గారు ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. "అమ్మా, ఆ రోజు సీసాలో నీళ్లు ఎక్కడివమ్మా?"

"మంచివేనండి బాబుగారూ!" అంది అప్పాయమ్మ ఆత్రంగా. తన మీద పడ్డ నింద పోగొట్టడానికే వచ్చామనుకుంది పాపం. "రాజుగారింటి నీళ్లండి. కాచినయ్యి. ఆఫీసర్లకని పెడతాను కదండీ, ఆ బిందెలోయండి. సీసా కూడా శుభ్రంగా కడిగే పోశానండి. ఒట్టండి."

"కుళాయివి కాదా?"

"కుళాయియ్యి ఎలా పోస్తానండీ? పరీక్షకెళ్లే నీళ్లు కదండీ!"

ఆయన లేచి నిలబడ్డారు.

లోపలికి వెళ్లి కుళాయి చూశాం. దాని గొట్టం స్కూలు వెనక మురుగుబోదెలోంచి వస్తోంది. జాయింటు దగ్గర చుట్టిన గోనెగుడ్డ కుళ్లి వేలాడుతోంది. నీళ్లు వస్తున్నప్పుడు బయటికి చిమ్ముతుంది, ఆగిపోయాక ఆ కన్నంలోంచే మురుగుని లోపలికి పీల్చుకుంటుంది. ఇది తెలియడానికి లేబొరేటరీ అక్కర్లేదు. కళ్లుంటే చాలు. ఆశీర్వాదం గారు దూది వెలిగించారు, మూతి కాల్చారు, రెండు నిమిషాలు ఆగారు, సీసా పట్టారు.

తర్వాత గణేష్‌బాబు మాస్టారి దగ్గరికి వెళ్లారు. స్కూలంతటికీ ఆయనొక్కరే మాస్టారు, హెడ్మాస్టరూ ఆయనే. సోమవారం నుంచీ నిద్ర లేని మొహం.

"మాస్టారూ, ఈ నీళ్లు ఆపించెయ్యండి. డ్రమ్ము పారబోయించండి."

"కాగితం అదిగో అండి, గోడ మీద," అన్నారు మాస్టారు. "నీళ్లు బాగున్నాయని మీరే ఇచ్చారు. నా అంతట నేను కుళాయి ఆపేస్తే రేపు నన్నడుగుతారు. ఆపమని ఒక ముక్క రాసివ్వండి, ఈ నిమిషంలో ఆపేస్తాను."

ఆశీర్వాదం గారు నా వైపు చూశారు. రోజుకూలీ రాసిన ముక్క ఎవరికి కావాలి? రాయాల్సింది నేను. నా హ్యాండ్‌బ్యాగులో లెటర్‌హెడ్డు ఉంది, పెన్ను ఉంది.

ఆ క్షణంలో నేను ఏం ఆలోచించానో దాచకుండా చెబుతాను. మొదటి రిపోర్టు తప్పని రాస్తే, ఎందుకు తప్పైందని అడుగుతారు. అంత తేటగా ఉన్న నీళ్లు చూసి నీకు అనుమానం రాలేదా అని అడుగుతారు. ఆ గీత ఎందుకు గీశావని అడుగుతారు. ఆ గోడ వెనక ఆడుకుంటున్న పిల్లల కంటే ఆ మూడు ప్రశ్నలే నాకు పెద్దగా కనిపించాయి.

"రేపు మధ్యాహ్నానికి కొత్త రిపోర్టు వచ్చేస్తుంది మాస్టారూ," అన్నాను. "అది రాగానే రాసిస్తాం. ఈలోగా కాచి పొయ్యండి."

"నలభై ఆరుగురికి ఏ పొయ్యి మీద కాచమంటారండీ? వంట ఆపేశారు కదా," అన్నారాయన.

మూడు గంటల బస్సుకి వచ్చేశాం. వచ్చే ముందు ఆశీర్వాదం గారు అప్పాయమ్మకి, పాప చేత ఆ నీళ్లు తాగించొద్దని చెప్పారు. ఆవిడ సరేనంది. కాని ఆవిణ్ని లోపలికి రానివ్వరు, లోపల పాపకి దాహమేస్తే డ్రమ్ము తప్ప ఇంకేం లేదు.

"ఇప్పుడే ఇంజనీరు గారికి చెప్పేస్తానండి," అన్నారు ఆయన బస్సులో.

"ఒక్క రోజు ఆగండి. రిపోర్టు చేతిలో ఉంటే మన మాటకి బలం ఉంటుంది," అన్నాను. "మీ ఫైలు పైన ఉంది. ఇప్పుడు ఇలాంటి మాట అన్నారంటే ఇంతే సంగతులు."

ఆయన ఫైలు గుర్తుచేసింది ఆయన మీద జాలితోనేనని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాయంత్రం ఆయన వెళ్లలేదు. ఆయన చేసిన రెండో తప్పు అది. అదీ నా మాట విని చేసింది.

గురువారం పొద్దున పదింటికి, రిపోర్టు కోసం ఆగకుండా, నాకు చెప్పకుండా వెళ్లిపోయారు. ఇంజనీరు గారి గదిలో నిలబడి, ఆ సీసాలో నీళ్లు కుళాయివి కావని చెప్పేశారు. పన్నెండింటికల్లా గరువు కుళాయి కట్టేశారు, ట్యాంకరు పంపారు. రెండింటికి నా బల్ల మీద కొత్త సీసా చూశాను. బొగ్గులా ఉంది.

వెంకటదుర్గకి ఆ రాత్రే మొదలైంది. శనివారం తెల్లవారేసరికి పోయింది. గురువారం పొద్దున తాగిన నీళ్ల వల్లా, అంతకు ముందు తాగినవాటి వల్లా అన్నది ఏ లేబొరేటరీ చెప్పలేదు. నేను లేబొరేటరీ మనిషినే కాబట్టి ఈ మాట చెప్పుకుని బతకవచ్చు. బతుకుతున్నాను కూడా. కాని గురువారం పొద్దున ఆ పాప సెంటరుకి వెళ్లింది. వాళ్లమ్మ నాట్లకి వెళుతూ దింపి వెళ్లింది. బుధవారం నేను రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ డ్రమ్ములో నీళ్లు ఉండేవి కావు.

ఆగస్టు మొదట్లో స్కూలు వరండాలోనే ఎంక్వయిరీ జరిగింది. జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు గారు మధ్యలో, చుట్టూ ఊరివాళ్లు. ఆశీర్వాదం గారిని నిలబెట్టి అడిగారు.

"కుళాయి దగ్గరికి వెళ్లలేదండి," అన్నారు ఆయన. "లోపల బిందె కనిపిస్తే నేనే ముంచుకున్నానండి. బద్ధకించానండి. ఎవరి తప్పూ లేదండి, నాదేనండి."

జనంలోంచి అప్పాయమ్మ లేచింది. పాప పోయి పదకొండు రోజులైంది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"అబద్ధమండీ," అంది. "ఆ బాబు ముంచుకోలేదండి. నేనే పోశాను. ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు."

"ఎందుకు పోశావమ్మా?" అన్నారు ఆఫీసరు గారు, మెల్లిగానే.

"పరీక్ష కదండీ! మా నీళ్లు ఫెయిలయిపోతే ఊరికి నామర్దా కాదండీ? ఇన్‌స్పెక్షనుకి ఎవరన్నా వస్తే పిల్లలకి తల దువ్వి, మంచి గౌన్లేసి కూర్చోబెడతాం కదండీ. అలాగే మంచియ్యి పోశానండి. ఆ బిందెలో నీళ్లు మా మనవరాలికి ఒక్కనాడూ పొయ్యలేదండి. అడిగేదండి. ఆఫీసర్లకి తక్కువైతే ఎలాగే, అని కసిరేదాన్నండి."

కొడుకు వచ్చి ఆవిణ్ని రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు. మతి స్థిమితంలో లేదు, ఆ మాటలు రాయకండి అన్నారు ఆఫీసరు గారు గుమాస్తాతో. దయతోనే అన్నారు. ఆవిడ మీద కేసు లేకుండా పోయింది, నిజమే. దాంతోపాటు, మన మర్యాద మన పిల్లల్ని చంపిందన్న సంగతి కూడా కాగితం ఎక్కకుండా పోయింది. ఆఖరికి తప్పు చేసిన మనిషిగా ఆశీర్వాదం గారొక్కరే మిగిలారు.

తర్వాత ఆఫీసరు గారు నా వైపు తిరిగారు. "ల్యాబులో మీకేమైనా తేడా కనిపించిందామ్మా? నీళ్లు చూడగానే అనుమానం లాంటిది?"

ఆశీర్వాదం గారు తల ఎత్తి నన్ను చూశారు. ఏంటండీ ఇంత తేటగా ఉన్నాయి అని నేను అడగడం విన్న మనిషి ఈ లోకంలో ఆయనొక్కరే.

"లేదండి," అన్నాను.

ఆయన తల దించుకున్నారు. నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఆ రోజు నేను ఆయన్ని తిట్టుకునేదాన్నేమో గాని, ఈ రోజు కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆగస్టు ఆఖరున ఒక మధ్యాహ్నం ఆయన ఫైలు పట్టుకుని నా గదిలోకి వచ్చారు. పర్మనెంటు ఫైలు కాదు. పైనుంచి ఆర్డరు తయారై వచ్చింది, నమూనా సేకరణలో నిర్లక్ష్యం వహించినందున పని నుంచి తొలగింపు. దానికి నా వాంగ్మూలం జతచేసి తిరిగి పంపాలి.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"నాదేనండి."

"మీది మీరు మొయ్యడమేంటండీ! ఇంకెవరూ లేరా?"

"అటెండరు సెలవు పెట్టాడండి. ఇవేళే వెళ్లిపోవాలంటండి."

బల్ల మీద పెట్టి, నెమ్మదిగా పేజీలు తిప్పి, నా కాగితం దగ్గర ఆపారు. 'పరీక్షా సమయమున సదరు నమూనాలో ఎట్టి అసాధారణ లక్షణమూ గమనింపబడలేదు' అని టైపు చేసి ఉంది. కింద నా పేరు.

"ఆశీర్వాదం గారూ," అన్నాను. క్షమించమందామనుకున్నాను. ఆ మాట ఒకసారి పైకి అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టలేను. పెట్టకపోతే నా ఉద్యోగం పోతుంది. పెన్ను తీశాను.

"ఇక్కడండి మేడం గారూ," అని ఆయన సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించారు.

పెట్టాను.

"రెండో కాపీ మీద కూడానండి."

అదీ పెట్టాను. ఆయన కాగితం అందుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, మళ్లీ నా ముందు పెట్టారు.

"సీలు మరిచిపోయారండి. సీలు లేకపోతే తిప్పి పంపేస్తారండి," అన్నారు.